తెల్లగుడ్డ మీద కూర

నా ఉద్యోగం పేరు కాగితం మీద రెండు వరుసలు పట్టేది. అంత పొడుగు పేరు పలికే ఓపిక పిల్లలకు ఎక్కడిది? వాళ్లకు నేను సినిమా మేడంని. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ చుట్టుపక్కల ఊళ్లకూ తండాలకూ పోయి, ఏం తినాలో, దాన్ని ఎలా వండుకోవాలో బడి పిల్లలకు సినిమా వేసి చెప్పడం నా పని. ఒక వ్యాను, ఒక ప్రొజెక్టరు, చెవులు చిల్లులు పడేలా అరిచే జనరేటరు, రెండు వెదురు బొంగులకు కట్టే తెల్లగుడ్డ, వ్యాను నడుపుతూ ప్రొజెక్టరు కూడా తిప్పే సూర్యాపేట యాదగిరి. ఇదీ మా సంసారం.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. ఏ యాప్ బాగుంటుంది, వీడియో ఎంత పొడుగుండాలి అని అడుగుతారు. వాళ్ల చేతిలోని ఫోను ముందు మా వ్యాను మొత్తం దిగదుడుపే. వాళ్లకు యంత్రం గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. మేం యంత్రం పెట్టుకుని ఎక్కడ బోల్తా పడ్డామో మాత్రం చెప్పగలను. ప్రమోషన్లు, బదిలీలు, మీటింగులు వదిలేస్తాను. అవి తలుచుకుంటే నాకే నిద్ర వస్తుంది. తెల్లగుడ్డను తలుచుకుంటే కల వస్తుంది.

నల్ల టమాటలు

ఎనభైల మొదట్లో మాకిచ్చిన ఫిల్ములన్నీ నలుపు తెలుపువే. అందులో ఒకటి రంగుల గురించి. ఎర్రవి తినండి, పచ్చవి తినండి, పసుపువి తినండి అని గొంతు చెబుతుంటే, తెర మీద అన్నీ బూడిద రంగులో దొర్లుతూ ఉండేవి. ఎవరు తీశారో, ఏం ఆలోచించి తీశారో ఆ మహానుభావుడికే తెలియాలి.

నిడమనూరు బడి ఆవరణలో ఒక పిల్ల లేచి నిలబడి అడిగింది. "మేడం, గీ టమాటలు గిట్ల నల్లగున్నయేంది? మాడినయా?"

ప్రొజెక్టరు వెనక నుంచి యాదగిరి, "పొయ్యి మీద పెట్టి మర్సిపోయిన్రు బిడ్డా" అన్నాడు. సినిమా కంటే ఆ మాటకే ఎక్కువ నవ్వారు.

ఆ తర్వాత నుంచి పోయే దారిలో అంగడిలో ఒక బుట్టెడు కూరగాయలు, ఒక బొప్పాయి పండు కొని వ్యానులో పెట్టుకునేదాన్ని. రీలు అయిపోయాక యాదగిరి దీపం ఆర్పకుండా అలాగే ఉంచేవాడు. కోసిన బొప్పాయి ముక్కను ఆ వెలుగుకు అడ్డంగా పట్టుకునేదాన్ని. గుడ్డ మీద కొండంత నల్లటి నీడ, నా చేతిలో నిగనిగలాడే నారింజ రంగు. పిల్లలు ఒకసారి నీడను చూసేవాళ్లు, ఒకసారి పండును చూసేవాళ్లు. వెలుగు తోవలో దుమ్ము తేలుతూ ఉండేది. వరి పొలాల నుంచి పచ్చదోమ వచ్చి లెన్సు ముందు ముసురుకునేది. గాలి మిర్యాలగూడ వైపు నుంచి వీస్తే మిల్లుల్లో ఉడకబెట్టిన వడ్ల వాసన వచ్చేది. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాననే సంగతే మరిచిపోయేదాన్ని. ఎవరి కలలోనో నిలబడి, ఆ కల కంటున్నవాళ్లకు పండు చూపిస్తున్నట్టు ఉండేది.

ఆ పండును తర్వాత పంచిపెట్టేవాళ్లం. సినిమాలో ఏం చూశారని నెల తర్వాత అడిగితే సగం మందికి గుర్తుండేది కాదు. బొప్పాయి మాత్రం అందరికీ గుర్తుండేది.

కూర పాట

కొన్నాళ్లకు రంగుల ఫిల్ము వచ్చింది. మా సంతోషానికి అంతు లేదు. పట్నంలో ఒక ఇల్లు, గ్యాసు పొయ్యి, తలంటి పోసుకుని పూలు పెట్టుకున్న ఒక తల్లి. తోటకూర కడిగి, తరిగి, పప్పులో వేస్తుంది. చివర పిల్లలు కంచాలు పట్టుకుని గెంతుతూ పాట పాడతారు. రోజూ రోజూ కూర తిందాం, కళ్లకు వెలుగు తెచ్చే కూర తిందాం. ఒక్కసారి వింటే నాలుకకు అంటుకునే పాట. వ్యాను ఊరి పొలిమేర దాటకముందే పిల్లలు వెనక పరుగెత్తుతూ పాడేవాళ్లు. మా ఆఫీసులో ప్యూను దగ్గరి నుంచి సారు దాకా అందరూ కూనిరాగం తీసేవాళ్లు.

ఆ పాటతోనే వేములపల్లి అవతల ఒక తండాకు పోయాం. అంతకుముందు ఆ తండాలో జొన్న రొట్టె తినేవాళ్లు. కాలువ నీళ్లు వచ్చి చుట్టూ వరి అయ్యాక, నాట్లకూ కోతలకూ కూలికి పోయి తెల్లన్నానికి అలవాటుపడ్డారు. తెల్లన్నం, పచ్చిపులుసు, కారం. చుట్టం వచ్చినా అదే, పండగొచ్చినా అదే. తెల్లన్నం తింటున్నాం అని చెప్పుకోవడం అప్పట్లో ఒక గౌరవం. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు, మా ఇంట్లోనూ తెల్లన్నమే తినేవాళ్లం.

ఆ సాయంత్రం సినిమా మధ్యలోనే మబ్బు కమ్మింది. గాలికి గుడ్డ ఉబ్బి, పట్నం తల్లి ముఖం పెద్దదై, చిన్నదై, మళ్లీ పెద్దదయ్యేది. పాట అయిపోగానే యాదగిరి దీపం ఆర్పేశాడు. చినుకులు మొదలయ్యాయి. పిల్లలు కేకలు పెడుతూ ఇళ్ల వైపు పరుగెత్తారు.

ఒక్క పిల్ల మాత్రం కూర్చున్న చోటే లేచి నిలబడిపోయింది. రెండు చేతులూ ముందుకు చాపింది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే మట్టి తీసిన గుంట ఉంది. నేను ఉరికి పోయి పట్టుకున్నాను. నా చీర కొంగు తడిమి, "యాడీ" అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

అంతలో తల్లి వచ్చింది. పేరు ద్వాలి. పిల్ల పేరు కమిలి. "పొద్దు గూకిందంటే దీనికి కండ్లు కనపడయి మేడం. తెల్లారితే మంచిగనే ఉంటది" అంది ద్వాలి, అదేదో పిల్ల అలవాటు అన్నట్టు.

రేచీకటి గురించి చదువుకున్నాను గానీ, అంత దగ్గరగా పట్టుకోవడం అదే మొదలు. అంతసేపూ ఆ పిల్ల వెలుగున్న గుడ్డను చూస్తూ నవ్వింది. దీపం ఉన్నంత వరకే తనకు లోకం ఉంది.

"మిర్యాలగూడ దవాఖానకు తీసుకురా. సినిమాలో చెప్పింది విన్నావుగా, అలాగే పెట్టు" అన్నాను. వాన ఎక్కువైంది. ప్రొజెక్టరు తడిస్తే కొంప మునుగుతుందని యాదగిరి తొందరపెట్టాడు. వ్యానెక్కేశాం.

గుడ్లు పెట్టే కోడి

నాట్లు అయ్యాక మళ్లీ ఆ తండాకు పోయాం. ద్వాలి దవాఖానకు రాలేదని నాకు తెలుసు. నాట్ల కాలంలో కూలి మానుకుని రావడం ఎవరికీ కుదరదు. అందుకే ఈసారి మేమే తీసుకుపోదామని బయలుదేరాం. వ్యాను తండా మొదట్లో ఉండగానే ద్వాలి దారికి అడ్డంగా నిలబడింది. వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

"మీరు జెప్పినట్టే చేసిన మేడం. పిల్లకు కూర పెట్టిన. ఇంట్ల ఒక్కటే కోడి ఉండె, గుడ్లు పెట్టే కోడి. దాన్ని కోసిన. కండ్లు రాలె."

నాకు ఏమీ అర్థం కాలేదు. "కోడిని ఎందుకు కోశావు?"

"మీ పాటలనే ఉన్నది గదా, కూర తింటే కండ్లకు ఎలుగొస్తదని. మల్ల మీరే అడుగుతరా?"

వెనకున్న ఆమె అందుకుంది. "మా పోరలు దినాం కూర పెట్టమని ఒకటే లొల్లి. ఏడికెళ్లి తేవాలె? ఇగ మీ బండి మా తండాకు రావద్దు."

నేను యాదగిరి వైపు తిరిగాను. అతను స్టీరింగు మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

"కూరంటే ఏంటి యాదగిరీ?"

"కూరంటే కూరనే మేడం. యాట కూర, కోడి కూర. పప్పంటే పప్పు, కూరగాయలంటే కూరగాయలు."

నేను పుట్టి పెరిగింది కోదాడలో. మా ఇంట్లో బెండకాయ చేసినా కూరే, వంకాయ చేసినా కూరే. మాంసం చేస్తే మాంసం అనేవాళ్లం. నలభై మైళ్లు కూడా లేని దూరంలో ఆ మాట ఇంకో వస్తువైపోయింది.

"మరి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"పట్నంల తీసిన సిన్మా గదా. ఆల్లకు దినాం కూర దొరుకుతది గావచ్చు అనుకున్న. ఆమె ఆకు కడుగుతుంటే, అది అయినంక కూర వండుతదనుకున్న. నాకైతే ఆ పాట వచ్చినప్పుడల్లా ఆకలైతుండె."

ఇంకో రోజైతే పడి పడి నవ్వేదాన్ని. కోడి ఉంటే గుడ్లుండేవి. ఆ గుడ్లు కమిలికి పెడితే కొంతైనా పనిచేసేవి. మిగిలిన ఒక్క ఆశతో ద్వాలిని అడిగాను.

"కోడి కార్జం ఎవరు తిన్నారు?"

"ఇంటాయనకే. కార్జం మొగోళ్లకే పెడ్తం గదా."

కోడి మొత్తంలో ఆ పిల్ల కళ్లకు పనికొచ్చే ముక్క ఏదైనా ఉందంటే ఆ కాలేయం ఒక్కటే. నాకు ఏడుపొచ్చింది. ఆడవాళ్ల ముందు దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ద్వాలి నన్ను చూసి కొంచెం తగ్గింది.

"బండి మళ్లీ రాదులే. ఒక్క ఈ పూటకు కమిలిని తీసుకుని ఎక్కు, దవాఖానకు పోదాం" అన్నాను. ఆమె వెనకున్న ఆడవాళ్ల వైపు చూసింది. తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని ఎక్కింది.

మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు టార్చి వేసి కమిలి కళ్లు చూశారు. మందు తాగించారు. నన్ను పక్కకు పిలిచి, "తెల్ల మచ్చలు మొదలైనాయమ్మా. ఈ మందుతో ఇప్పటికి గట్టెక్కుతుంది. తిండి మారకపోతే మళ్లీ వస్తుంది. ఆలస్యంగా తెస్తే పగటి చూపు కూడా పోవచ్చు" అన్నారు. ఆ మాట ద్వాలికి వినపడకూడదని ఆయన గొంతు తగ్గించారు గానీ, ఆమె విన్నది.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టు మీద పోతుంటే ద్వాలి అడిగింది. "మరి ఏం పెట్టాలె మేడం?"

నేను వెనకున్న బుట్టలోంచి తోటకూర కట్ట తీసి చూపించాను.

ఆమె చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మొదటిసారి నవ్వింది. "ఇదా? ఇది భాజి. గట్ల మీద ఊకెనే మొలుస్తది. మా అత్త రొట్టెలకు గిదే పెడుతుండె. తెల్లన్నం వచ్చినంక బర్రెలకు ఏస్తున్నం."

భాజి. ఆ ఒక్క మాట మా ఫిల్ములో ఎక్కడా లేదు.

మా సారు

మా సారు చెడ్డవాడు కాదు. పండగకు అందరికీ బట్టలు పెట్టేవాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క జబ్బు, ప్రదర్శన అయిన మర్నాడు "జనం బాగా వచ్చారా" అని అడగడం. వాళ్లు ఇంటికిపోయి ఏం తిన్నారని ఆయన సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా అడగలేదు. ఈ పనిలోకి వస్తున్న మీకూ ఇలాంటి సారే దొరుకుతాడు. ఇప్పటి సారు వీడియో ఎంతమంది చూశారని అడుగుతాడు, అంతే తేడా.

కోడి సంగతి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. కానీ ఫిల్ములో మాట మార్చే ప్రసక్తే లేదన్నాడు. "పైనుంచి వచ్చిన ఫిల్మమ్మా. దాని మీద చెయ్యి వెయ్యడానికి మనమెవరం?"

"పోనీ, సౌండు తగ్గించుకోవచ్చా సార్?"

"అది ఆపరేటరు ఇష్టం" అన్నాడు, నేను ఎందుకడిగానో తెలియక.

ద్వాలి గొంతు

యాదగిరి తన ఇంట్లో ఉన్న టేపురికార్డరు తెచ్చాడు. ఆలోచన మా ఇద్దరిదీ. బొమ్మ పట్నానిది ఉండనిద్దాం, గొంతు తండాది పెడదాం.

ద్వాలి మొదట ఒప్పుకోలేదు. "నా మాట ఎవరు వింటరు మేడం? నేనేమన్న పంతులమ్మనా?" అంది. మందు తాగిన కొన్నాళ్లకు కమిలి పొద్దు గూకాక కూడా వాకిట్లో మసలడం మొదలుపెట్టింది. ఆ సంతోషంలో సరే అంది. కానీ టేపురికార్డరు మీద ఎర్రలైటు వెలగగానే నోరు కట్టేసినట్టయింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అంతే.

చివరికి యాదగిరి, "చెల్లే, మాట్లాడకు. వంట చెయ్యి, చాలు" అని డబ్బాను పొయ్యి పక్కన పెట్టి బయటికి పోయినట్టు నటించాడు. నూనెలో ఆకు పడి చుయ్యిమనగానే ద్వాలి యంత్రాన్ని మరిచిపోయింది. "కమిలీ, గా గంటె ఇటియ్యి" అని కసిరింది. తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది. ముందు వాళ్ల భాషలో, తర్వాత తెలుగులో.

"భాజి తెంపుకొచ్చి మంచిగ కడుగుండ్రి. పప్పుల ఎయ్యుండ్రి. నూనె సుక్క మర్సిపోకుండ్రి, నూనె లేకుంటే కండ్లకు అందదట. కోడిని కొయ్యకుండ్రి. గుడ్డు పిల్లలకు పెట్టుండ్రి. కోసిన నాడు కార్జం కూడ పిల్లలకే."

చివరి రెండు మాటలు నేను చెప్పమన్నవి కావు.

బండి రావద్దన్న తండాలోనే, ద్వాలి పిలిస్తేనే, మళ్లీ గుడ్డ కట్టాం. ఫిల్ము నడిచింది, సౌండు సున్నా. టేపు నడిచింది. పట్నం తల్లి పూలు పెట్టుకుని ముద్దుగా నవ్వుతూ నోరు తెరిస్తే, "గా గంటె ఇటియ్యి" అని ద్వాలి గొంతు వచ్చింది. తండా అంతా పగలబడి నవ్వింది. బొమ్మకూ మాటకూ ఒక్కచోట కూడా కుదరలేదు. తెర మీద ఆమె తరుగుతుంటే మా టేపులో పోపు చిటపటలాడేది. అయినా ఎవరూ లేచిపోలేదు. వెన్నెల లేదు, గాలి లేదు, గుడ్డ కదలకుండా ఉంది. ఒక ఆడమనిషి ముఖంలోంచి ఇంకో ఆడమనిషి గొంతు వస్తోంది. పొయ్యి చప్పుడు ఆకాశం నుంచి వస్తున్నట్టుంది.

కమిలి వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని తెరనూ తల్లినీ మార్చి మార్చి చూసింది. "యాడీ, నువ్వు ఎప్పుడు గంత తెల్లగైనవ్?" అని అడిగింది.

తర్వాతి కాలం

తొంభైలలో ప్రొజెక్టరు మూలపడింది. మాకు వీసీఆరు, రంగుల టీవీ ఇచ్చారు. చీకటి అవసరం లేకపోయింది, పట్టపగలే క్లాసులో చూపించేవాళ్లం. బొమ్మ బాగుండేది. నాకు మాత్రం తెల్లగుడ్డ మీద బెంగ తగ్గలేదు. టీవీ ముందు పిల్లలు వరుసగా కూర్చునేవాళ్లు. గుడ్డ ముందు ఒకరి మీద ఒకరు పడి కూర్చునేవాళ్లు.

అప్పటికి మా దగ్గర మూడు రకాల టేపులు తయారయ్యాయి. కోదాడ బళ్లలో పాత సౌండే పెట్టేవాళ్లం. అక్కడి పిల్లలు "కూరంటే కూరే కదండీ" అనేవాళ్లు, ఎందుకు అడుగుతున్నానా అని వింతగా చూస్తూ. సూర్యాపేట వైపు యాదగిరి భార్య గొంతు. ఆమె గోంగూర అనేది కాదు, పుంటికూర అనేది. మజ్జిగ అనేది కాదు, సల్ల అనేది. తండాలన్నిటికీ ద్వాలి గొంతు. సారు రిటైరయ్యే దాకా ఆ టేపుల సంగతి ఆయనకు తెలియదు.

మీరు చేసే వీడియో ఎంత అందంగానైనా ఉండనివ్వండి. దాన్ని పంపే ముందు, చూడబోయేవాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లకు ఏం అర్థమైందో అడగండి. అర్థమైందా అని అడగొద్దు. అందరూ అయిందనే అంటారు. ద్వాలికి కూడా అర్థమైంది. అర్థమైంది కాబట్టే కోడిని కోసింది.

దీపం ఆర్పాక

ద్వాలి గొంతుతో సినిమా వేసిన ఆ సాయంత్రం గురించి ఒక్కటి మిగిలిపోయింది.

ప్రొజెక్టరు పక్కన నిలబడి చూసేవాళ్లకు దీపం ఆర్పగానే కాసేపు ఏమీ కనపడదు. ఎన్నేళ్లు చేసినా అంతే. ఆ రోజూ యాదగిరి దీపం ఆర్పి, జనరేటరు ఆపాడు. ఒక్కసారిగా కప్పల చప్పుడు మిగిలింది. జనం మాట్లాడుకుంటూ ఇళ్లకు పోతున్నారు. నేను వ్యాను ఎటుందో తెలియక, చేతులు చాపి అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాను.

ఒక చిన్న చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి పప్పు వాసన ఉంది.

"ఇటు రాండ్రి మేడం. గాడ గుంట ఉన్నది, పడుతరు."

"ఎవరు?"

"నేనే. కమిలిని."

ఆమె వెంట నడిచాను. ఆమె గుంట పక్క నుంచి, వెదురు బొంగుల పక్క నుంచి, ఎక్కడా తడబడకుండా నన్ను వ్యాను దాకా తీసుకుపోయింది. తలుపు పిడి మీద నా చెయ్యి పెట్టింది. అప్పుడు అడిగింది.

"మీకు పొద్దు గూకితే కనపడదా మేడం?"

"ఇప్పుడు కనపడటం లేదు బిడ్డా."

నా చెయ్యి వదలకుండా, పెద్దమనిషిలా చెప్పింది.

"దినాం భాజి తినుండ్రి. మంచిగైతయి."